కవల దూడలను పెంచుతున్న మాంసపు జాతి ఆవు: ఏ దూడను ఉంచాలి, ఆవును ఎంత మేపాలి, పాలు ఎప్పుడు మాన్పించాలి

మీరు అడిగిన సంగతిని ముందుగా ఒకసారి చెప్పుకుందాం. ఐదో ఈతలో ఉన్న మీ మాంసపు జాతి ఆవు నాలుగు రోజుల క్రితం ఒక కోడెదూడను, ఒక పెయ్యదూడను ఈనింది. కోడెదూడ చురుకుగా ఉంది, పెయ్య సన్నగా ఉంది. ఆవు రెండింటినీ పెంచగలదా, పెయ్యను విడదీసి సీసాతో పాలు పట్టడం మేలా, ఆ పెయ్యను పెద్దయ్యాక ఈతకు ఉంచుకోవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు. చివరి ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పవచ్చు: కోడెదూడతో కలిసి పుట్టిన పెయ్య గొడ్డుదయ్యే అవకాశమే చాలా ఎక్కువ కనుక, పరీక్ష చేయించేదాకా దాన్ని ఈతకు లెక్కలో పెట్టుకోకండి. మిగతా రెండింటికీ జవాబు ఆవును చూసి చెప్పవలసిందే తప్ప దూడలను చూసి చెప్పేది కాదు. కవలలు పుట్టినప్పుడు చాలామంది చూపంతా బక్కదూడ మీదే ఉంటుంది. నష్టం మాత్రం నెమ్మదిగా తల్లి ఒంటి మీద పడి, మరుసటి ఏడాది అది చూడి కట్టకుండా మిగిలిపోయినప్పుడు బయటపడుతుంది.

రెండు దూడలు కుడిచినంత మాత్రాన పాలు రెండింతలు కావు. మాంసపు జాతి ఆవు సాధారణంగా ఈనిన ఎనిమిది వారాల ప్రాంతంలో రోజుకు 8 నుంచి 10 కిలోల దాకా పాలిచ్చి, అక్కడి నుంచి క్రమంగా తగ్గుతుంది. ఒకే దూడ ఉన్నప్పుడు తొలి వారాల్లో దాని ఆకలి తీరిన తరువాత కూడా పొదుగులో కొంత పాలు మిగిలిపోతాయి, కవలలు ఉన్నప్పుడు ఆ మిగులు ఉండదు. పొదుగు తరచుగా పూర్తిగా ఖాళీ కావడం వల్ల ఆవు మరికొన్ని పాలు చేసుకుంటుంది, అందుకు తగిన మేత దొరకకపోతే తన ఒంటి కొవ్వును కరిగించి చేసుకుంటుంది. అయినా ఒక్కో దూడకు అందే వాటా ఒంటరి దూడకు అందేదానికంటే స్పష్టంగా తక్కువే. కనుక పాలతో పూడని లోటును దూడలకు దాణాతోనూ, ఆవుకు మేతతోనూ పూడ్చడమే కవలల పెంపకంలో అసలు పని.

ఇందుకోసం ముందుగా ఆవు వెనుక నిలబడి, తరువాత పక్కకు వచ్చి దాని ఒంటిని చూడండి. ఒంటి పుష్టిని 1 (బాగా బక్కది) నుంచి 9 (బాగా కొవ్వినది) వరకు కొలిచే బాడీ కండిషన్ స్కోరులో 5 అంటే పక్కటెముకలు పైకి కనిపించకుండా, చేతితో కాస్త నొక్కితే తగిలే స్థితి. 4 అంటే వెనుక వైపు పక్కటెముకలు దూరం నుంచే కనిపించే స్థితి. 6 అంటే పక్కటెముకల మీద, తోక మొదట్లో కొవ్వు మెత్తగా చేతికి తెలిసే స్థితి. మధ్యరకం ఆవులో ఒక్కో అంకెకు సుమారు 40 కిలోల బరువు తేడా ఉంటుంది. ఒంటరి దూడ తల్లి ఈనేనాటికి 5లో ఉంటే చాలు, కవలల తల్లి 6లో ఉంటే తప్ప నాకు నిశ్చింత ఉండదు. ఈనిన తరువాత, పాలిస్తూ ఉన్న ఆవుకు పోయిన స్కోరును తిరిగి తెప్పించడం చాలా ఖర్చుతో కూడిన పని, ఉన్నది పోకుండా నిలపడమే మన చేతిలో ఉన్నది.

ఆవు వయసు మీరినది కాకుండా, నాలుగు చన్నులూ బాగుండి, స్కోరు 5 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, రెండు దూడలనూ నాకి దగ్గరకు రానిస్తూ ఉండి, మంచి మేత మీ దగ్గర ఉంటే రెండింటినీ దాని కిందే ఉంచమని చెబుతాను. మీ ఆవు ఐదో ఈతది కనుక వయసు అనుకూలంగానే ఉంది. తొలిచూలు ఆవుకు కవలలు పుడితే మాత్రం ఒకదాన్ని వెంటనే విడదీయాలన్నదే నా అభిప్రాయం, ఎందుకంటే అది ఇంకా తాను పెరుగుతూనే పాలివ్వాలి, దాని మీద రెండు దూడల భారం పెడితే రెండో చూలు నిలవడం కష్టమవుతుంది. స్కోరు 4 లేదా అంతకంటే తక్కువ ఉన్న ముదురు ఆవు విషయంలో కూడా ఇదే మాట. ఒక పక్క పొదుగువాపు వచ్చి ఒక చన్ను ఎండిపోయిన ఆవు ఒంటరి దూడను చక్కగా పెంచగలదేమో గాని, కవలలకు అది సరిపోదు.

ఇప్పుడు ఈ వారంలో చేయవలసిన పని చూద్దాం. ఆవుకు లెక్క రాదు. దానికి తెలిసేది వాసన, అరుపు, పొదుగు బరువు. ఈనే సమయంలో మొదటి దూడను నాకుతూ ఉండగానే రెండో నొప్పులు మొదలై, అది పక్కకు జరిగి రెండోదాన్ని ఈని, మొదటిదాన్ని అక్కడే మరిచిపోవడం తరచుగా జరుగుతుంది. నాలుగు రోజులు గడిచినా ప్రమాదం పూర్తిగా తప్పిపోలేదు. పెద్ద బయలులో వదిలితే బలమైన దూడ తల్లి వెంట నడుస్తుంది, బక్కది ఏదో పొద నీడన పడుకొని ఉండిపోతుంది. బలమైన దూడ పొదుగు ఖాళీ చేశాక తల్లికి రెండోదాన్ని వెతకాలన్న తొందర పుట్టదు. అందువల్ల తల్లినీ రెండు దూడలనూ మందకు దూరంగా, 25 చదరపు మీటర్ల పాటి దొడ్డిలో, పొడి పరుపుగడ్డి, నీడ, నిండుగా ఉండే నీళ్ల తొట్టి ఏర్పాటు చేసి ఒక వారం పది రోజులు కలిపి ఉంచండి. తరువాత కూడా ఒక్కసారిగా మందలోకి కాకుండా, కొద్ది పశువులే ఉన్న చిన్న గడ్డిమడిలోకి మార్చి, రెండు దూడలూ తల్లి వెంట నడుస్తున్నాయని తేలాకనే పెద్ద మేతకు వదలండి. రెండింటికీ ఒకే వరుస గుర్తింపు ట్యాగులు ఇప్పుడే వేసి, ఏది ఎవరి కవలో పుస్తకంలో రాసుకోండి. ఇది తరువాత పెయ్య విషయంలో ఎంత అవసరమో కింద చెబుతాను.

పెయ్యకు పాలు అందుతున్నాయో లేదో దాని ముఖం చూసి చాలావరకు చెప్పవచ్చు. తల్లి పక్కన నిలబడి, తన పిర్రను తల్లి ముక్కు వైపు పెట్టి కుడిచే దూడను తల్లి వాసన చూసి ఒప్పుకుంటుంది. వెనుక కాళ్ల సందు నుంచి తల దూర్చి కుడిచే దూడ తల్లి కన్నుగప్పి తాగుతున్నట్లు లెక్క, అలాంటి దూడ నుదుటి మీదా మెడ మీదా పేడ ఎండి ఉంటుంది. కడుపు నిండని దూడ చన్ను నుంచి చన్నుకు మారుతూ పొదుగును పదే పదే కుమ్ముతుంది, మూతి చుట్టూ నురగ ఉండదు, డొక్క లోపలికి పోయి ఉంటుంది, మిగతా దూడలు ఆడుకునే వేళ అది వీపు వంచి నిలబడి ఉంటుంది. వీలుంటే వారానికోసారి రెండింటినీ తూచండి. తొలి నెలలో రోజుకు సగటున అర కిలో కూడా పెరగని దూడకు తల్లిపాలు చాలడం లేదని నేను తీర్మానిస్తాను.

అలాంటప్పుడు వెంటనే విడదీయవలసిన పని లేదు. ముందుగా పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటి ప్రయత్నించండి: ఉదయం, సాయంత్రం కోడెదూడను కాసేపు కట్టివేసి పెయ్యను ఒంటరిగా తల్లి దగ్గరకు వదిలి, పావుగంట తరువాత కోడెను వదలండి. బలమైనదానికి మిగిలినది తాగే శక్తీ, అవసరమైతే పోట్లాడి తెచ్చుకునే తెలివీ ఉంటాయి. అది చాలకపోతే పెయ్యను తల్లి కింద ఉంచుతూనే, పూటకు లీటరు నుంచి లీటరున్నర చొప్పున సీసాతో పాలు అదనంగా పట్టవచ్చు. మిల్క్ రీప్లేసర్ (పాలకు బదులుగా నీళ్లలో కలిపి పట్టే పొడి) వాడితే 20 నుంచి 22 శాతం మాంసకృత్తులు, 15 నుంచి 20 శాతం కొవ్వు ఉన్నదీ, మాంసకృత్తులు పాల నుంచి వచ్చినదీ ఎంచుకోండి. మూడు వారాల లోపు దూడ సోయా వంటి మొక్కల మాంసకృత్తులను సరిగా అరిగించుకోలేదు. దూడ ఒంటి వేడికి దగ్గరగా, సుమారు 39 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, రోజూ అదే చిక్కదనంతో, అదే వేళకు పట్టండి. పారుడుకు దారి తీసేది చాలాసార్లు పాల రకం కాదు, వేళా చిక్కదనం రోజుకో తీరుగా ఉండడమే.

విడదీయక తప్పదని తేలినప్పుడు ఏ దూడను తీయాలన్నది అది ఎక్కడికి పోతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మందలో దూడ చనిపోయిన ఆవు ఉంటే దాని కిందకు బలమైన దూడనే పంపండి. పరాయి తల్లి తన్నినా, తోసినా వెనక్కి తగ్గకుండా కుడిచేది అదే. చనిపోయిన దూడ చర్మాన్ని ఒలిచి కవల దూడకు చొక్కాలా తొడిగి మూడు నాలుగు రోజులు చిన్న గదిలో ఆ ఆవుతో ఉంచడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ దానికి సాటి వచ్చేది తక్కువ. అయితే ఆ దూడ పారుడుతోనో మరేదైనా అంటురోగంతోనో చనిపోయి ఉంటే దాని చర్మం జోలికి పోవద్దు. పెంపుడు తల్లి దొరకక సీసాపాలే గతి అయితే బక్కదాన్నే తీయండి, అది ఎంత తాగిందో కొలిచి చూసుకోవలసింది దానికే కనుక. మీ విషయంలో అది పెయ్య కావడం మరో రకంగా కూడా నయం: సీసాతో పెరిగిన కోడెకు మనిషి అంటే బెదురు పోతుంది, విత్తు కొట్టకుండా వదిలితే పెద్దయ్యాక అది మనుషుల మీదకు వచ్చే ప్రమాదం ఉంటుంది.

ఇక మేత. 550 కిలోల ఆవు పాలిచ్చే కాలంలో రోజుకు సుమారు 12 నుంచి 13 కిలోల పొడి పదార్థం (నీరు తీసేసి లెక్కించిన మేత) తింటుంది. ఒంటరి దూడకు 9 కిలోల పాలిస్తున్నప్పుడు ఆ మేతలో జీర్ణమయ్యే మొత్తం పోషకాలు 60 శాతం చిల్లర, మాంసకృత్తులు 10 నుంచి 11 శాతం ఉంటే అది ఒళ్లు నిలుపుకుంటుంది. ప్రతి అదనపు కిలో పాలకు దాదాపు మూడో వంతు కిలో జీర్ణపోషకాలు కావాలి. కవలల వల్ల పాలు మూడు కిలోలు పెరిగాయనుకుంటే రోజుకు మరో కిలో జీర్ణపోషకాలు, అంటే ధాన్యంతో చేసిన దాణా లెక్కన కిలోంబావు దాకా కావాలి. కడుపు పట్టే మేత మాత్రం అంతగా పెరగదు కనుక అదే పరిమాణంలో సాంద్రత పెంచాలి: జీర్ణపోషకాలు 65 శాతానికి, మాంసకృత్తులు 12 శాతం పైకి రావాలి. మంచి లేత పచ్చిక సమృద్ధిగా ఉంటే ఇది దానంతటదే కుదురుతుంది. ముదిరిన గడ్డి, ఎండుగడ్డి మీద ఉన్న ఆవుకు కుదరదు, దానికి దాణా తప్పనిసరి.

ఇక్కడ ఒక క్రమం ఉంది. ఎండుగడ్డిలో మాంసకృత్తులు 7 శాతం కంటే తక్కువ ఉంటే ముందుగా తీర్చవలసింది ఆ లోటే, ఎందుకంటే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని అందకపోతే అవి గడ్డిని విరగ్గొట్టలేవు, గడ్డి లోపల నిలిచిపోయి ఆవు తినేదే తగ్గిపోతుంది. ఆ స్థితిలో మొక్కజొన్న వంటి పిండిపదార్థం మాత్రమే పోస్తే గడ్డి అరుగుదల ఇంకా మందగిస్తుంది. నూనెగింజల పిండో, పప్పుజాతి పచ్చిమేతో ముందుగా ఇచ్చి, దాని మీద ధాన్యం చేర్చాలి. ధాన్యాన్ని పది పదిహేను రోజుల వ్యవధిలో మెల్లగా పెంచుతూ, రోజు మొత్తాన్ని రెండు పూటలుగా పంచండి, ఒకేసారి ఎక్కువ తింటే పొట్టలో ఆమ్లం పెరిగి మేతే మానేస్తుంది. కవలల తల్లిని దాణా వేళకు మందతో కలిపి వదిలితే బలమైన ఆవులు దాని వాటా లాగేసుకుంటాయి కనుక, దాన్ని వేరుగా, లేదా తొలిచూలు ఆవులతో కలిపి మేపడం మంచిది. నీళ్ల మాట కూడా మరువకండి: పాలిచ్చే ఆవు రోజుకు 60 లీటర్లకు తగ్గకుండా తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నీళ్ల తొట్టి దూరంగా ఉంటే తగ్గేవి ముందుగా పాలే.

స్కోరును ఈనిన నాటి నుంచి రెండు వారాలకోసారి రాసి పెట్టుకోండి. అది ఒక అంకె పడిపోయేదాకా ఆగకండి, అర అంకె తగ్గినప్పుడే దాణా పెంచడమో, దూడలకు ముందుగా పాలు మాన్పించడమో నిర్ణయించుకోవాలి.

ఎక్కువ పాలిచ్చే ముదురు ఆవులకు లేత, వేగంగా ఎదిగే పచ్చిక మీద మెగ్నీషియం లోపం ముంచుకొచ్చే ప్రమాదం ఉంది. అలాంటి గడ్డిలో పొటాషియం, నత్రజని ఎక్కువగా ఉండి మెగ్నీషియం ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి, పాలతో పోయేది ఎటూ పోతూనే ఉంటుంది. ఆవు ఉలిక్కిపడుతూ, చెవులూ కండరాలూ అదురుతూ, తూలుతూ నడిచి కూలబడితే అది గంటల్లో ప్రాణం తీసే స్థితి, పశువైద్యుణ్ణి అప్పటికప్పుడు పిలవాలి. ముందు జాగ్రత్తగా ఆ కాలంలో రోజుకు 50 నుంచి 60 గ్రాముల మెగ్నీషియం ఆక్సైడు అందేలా చూడండి. దాని రుచి ఆవుకు నచ్చదు కనుక దాణాలోనో, బెల్లపుమడ్డి కలిపిన ఖనిజ మిశ్రమంలోనో కలపాలి. రెండు దూడలు పదే పదే కుమ్మడం వల్ల చన్నులు పగిలి, ఆ పుండ్ల నొప్పితో తల్లి తన్నడం మొదలుపెడుతుంది. దూడను తోసివేస్తోందని మనం అనుకునేది ఒక్కోసారి చన్ను నొప్పి మాత్రమే, అందుచేత ముందుగా పొదుగును చేతితో తడిమి చూడండి. కవలల ఈతలో మాయ పడకపోవడం కూడా ఎక్కువ. మీ ఆవుకు మాయ పడిందో లేదో మీరు రాయలేదు. వెనుక నుంచి దుర్వాసనతో స్రావం కారుతున్నా, ఒంటి వేడి 39.5 డిగ్రీలు దాటినా, మేత తగ్గినా ఈ రోజే చూపించండి. వేలాడే మాయను చేతితో లాగవద్దు, దానికి బరువులు కట్టవద్దు.

దూడలకు మూడో వారం నుంచే తల్లి దూరలేని, దూడలు మాత్రమే దూరగల 40 నుంచి 45 సెంటీమీటర్ల సందు ఉన్న కంచె కట్టి లోపల దాణా పెట్టండి. 16 శాతం మాంసకృత్తులు ఉన్న, దంచినదో నలగ్గొట్టినదో అయిన తాజా దాణా, పక్కనే మెత్తని ఎండుగడ్డి, శుభ్రమైన నీళ్లు ఉండాలి. ఒంటరి దూడలకు ఇలాంటి దాణా ఖర్చు తిరిగి రాకపోవచ్చు, కవలల విషయంలో దాదాపు ఎప్పుడూ వస్తుంది. పాలు తక్కువగా అందే దూడ సహజంగానే ముందుగా దాణా వైపు పోతుంది, దాణా తినే దూడ పెద్ద పొట్ట ముందుగా ఎదుగుతుంది, దానివల్లనే త్వరగా పాలు మాన్పించే వీలు కలుగుతుంది. ఒంటరి దూడలకు ఏడు నెలలకు పాలు మాన్పించే మందలో కవలలకు నేను 100 నుంచి 120 రోజుల మధ్యనే మాన్పిస్తాను. ఒక్కో దూడ రోజుకు కనీసం కిలో దాణా నిలకడగా తింటూ ఉండాలన్నది నా షరతు, వయసు లెక్క ఆ తరువాతదే. ఆవు బాగా చిక్కిపోతే 60 రోజులకు కూడా మాన్పించవచ్చు గాని, అప్పుడు ఆ దూడలకు మాంసకృత్తులు మరికొంత ఎక్కువున్న దాణా, విడి గది, రోజూ కంటితో చూసుకునే మనిషి కావాలి.

త్వరగా మాన్పించడం వెనుక ఉన్న అసలు కారణం ఆవు మళ్లీ ఎదకు రావడం. ఆవు గర్భకాలం సుమారు 283 రోజులు కనుక ఏడాదికొక ఈత కావాలంటే ఈనిన 82 రోజుల లోపే చూడి కట్టాలి. కవలల గర్భం సాధారణంగా వారం రోజుల దాకా ముందుగానే ముగుస్తుంది, ఆ మేరకు కొద్ది రోజులు కలిసి వస్తాయి గాని, వచ్చే ఆలస్యం దానికంటే పెద్దది. చన్ను కుడిచే దూడ ఉనికే తల్లి మెదడులో ఎదకు కారణమైన హార్మోను విడుదలను అణచిపెడుతుంది, ఒళ్లు తగ్గడం దాన్ని ఇంకా అణచివేస్తుంది. కవలల తల్లికి ఈ రెండూ ఒకేసారి పడతాయి. ఈనిన యాభై రోజుల తరువాత పశువైద్యునితో అండాశయాలను పరీక్ష చేయించండి. ఆవు స్కోరు 5 దగ్గర నిలిచి ఉండి, దూడలు గట్టిగా ఉంటే, యోనిలో ప్రొజెస్టెరాన్ హార్మోనును వదిలే పరికరం కొన్నాళ్లు ఉంచి తీసేటప్పుడు దూడలను 48 గంటలు తల్లికి దూరంగా ఉంచే పద్ధతి చాలా ఆవులను ఎదకు తెస్తుంది. రెండు దూడలనూ దూరం చేయాలి, ఒకటి మిగిలితే కుడవడం కొనసాగుతూనే ఉంటుంది కనుక ఫలితం ఉండదు. స్కోరు 4 కంటే తక్కువ ఉన్న ఆవు మీద ఈ ఖర్చు పెట్టవద్దు. దానికి ముందు కావలసింది మేత, దూడల నుంచి విశ్రాంతి.

పెయ్య సంగతికి వస్తే, ఆడ మగ కవలల్లో నూటికి 90కి పైగా పెయ్యలు గొడ్డువే. వాటిని ఫ్రీమార్టిన్ అంటారు. గర్భం నిలిచిన 30 నుంచి 40 రోజుల ప్రాంతంలో రెండు పిండాల మాయల రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కోడె పిండం వృషణాల నుంచి వచ్చే హార్మోన్లు, ఆ రక్తంతో పాటే కణాలూ పెయ్య పిండంలోకి చేరి, దాని అండాశయాలూ గర్భసంచీ సరిగా ఏర్పడకుండా చేస్తాయి. బయటికి అది మామూలు పెయ్యలాగే కనిపించవచ్చు. కొన్నింటిలో మాత్రం యోని కింది కొసన వెంట్రుకల కుచ్చు, పెద్దదైన యోనిశీర్షం కనిపిస్తాయి. మూత్రద్వారం చోటును దాటి లోపలికి ఎంత పొడవు ఉందో చూసే పరీక్షను పశువైద్యుడు తొలి వారాల్లోనే సన్నని, మొన మొద్దుగా ఉన్న నున్నని గొట్టంతో చేయగలడు: మామూలు పెయ్యలో అది 12 నుంచి 15 సెంటీమీటర్ల దాకా పోతుంది, ఫ్రీమార్టిన్‌లో 5 నుంచి 8 దగ్గరే ఆగిపోతుంది. అనుమానం మిగిలితే రక్తంలో మగ క్రోమోజోము ఆనవాళ్లు వెతికే పరీక్ష ఖాయంగా తేలుస్తుంది. గొడ్డుదని తేలితే బాధపడవలసింది లేదు, మాంసానికి అది మిగతా దూడలలాగే చక్కగా ఎదుగుతుంది. అయితే పెంపుడు తల్లి కింద పెరిగిన ఇలాంటి పెయ్య కవలదన్న సంగతి మరుగున పడి, రెండేళ్ల తరువాత ఈతకు ఎంపికయ్యే మందలో చేరడం మామూలే. ట్యాగు గురించి పైన అంత నొక్కి చెప్పింది ఇందుకే. కోడెదూడను ఆబోతుగా ఉంచాలనుకుంటే వీర్యపరీక్ష చేయించండి, కవలగా పుట్టిన కోడెలు చాలావరకు పనికొస్తాయి గాని అన్నీ కాదు. రెండూ పెయ్యలే పుట్టి ఉంటే ఈ చిక్కే ఉండేది కాదు.

కవలలనిచ్చే ఆవులనే కోరి ఎంచుకోవచ్చు కదా అని ఈ సందర్భంలో చాలామంది అడుగుతారు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం క్లే సెంటర్‌లో ఉన్న మాంసపు పశువుల పరిశోధన కేంద్రం 1981లో సరిగ్గా ఆ పనే మొదలుపెట్టి, తరాల తరబడి ఎంపిక చేసి, ఆ మందలో కవల ఈతలను సగానికి పైగా తీసుకువెళ్లింది. మామూలు మాంసపు మందల్లో అవి నూటికి ఒకటి రెండుకు మించవు. ఆవుకు వచ్చే దూడల మొత్తం బరువు బాగా పెరిగింది, ఈనడంలో కష్టమూ మాయ పడకపోవడమూ దూడల మరణాలూ మళ్లీ చూడి కట్టడంలో ఆలస్యమూ కూడా పెరిగాయి. చేతినిండా మనుషులూ మేతా ఉన్నచోట ఆ లెక్క కుదరవచ్చు. బయళ్లలో తిరిగే మందకు నేను సలహా ఇవ్వను. కవలల గుణంలో వారసత్వంగా వచ్చే వాటా చాలా తక్కువ కనుక మీ ఆవు వచ్చే ఈతలో కూడా కవలలనే ఇస్తుందని అనుకోనక్కరలేదు, ఆ భయంతో దాన్ని తీసేయనూ అక్కరలేదు.

అయినా వచ్చే చూలులో 40 నుంచి 60 రోజుల మధ్య స్కానింగ్ చేయించండి. కవలలని ముందే తెలిస్తే చివరి మూడు నెలల మేతను దిద్దుకోవచ్చు. రెండు పిండాలు కడుపులో చోటు ఆక్రమించడం వల్ల ఆవు ఎక్కువ గడ్డి తినలేదు, కనుక పరిమాణం పెంచకుండా సాంద్రత పెంచాలి. లేకపోతే ఒంటి కొవ్వు వేగంగా కరిగి, కాలేయానికి పట్టి, ఈనకముందే ఆవు మేత మాని పడిపోతుంది, బాగా కొవ్విన ఆవులకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈనేటప్పుడు యోనిలో కనిపించే రెండు కాళ్లు ఒకే దూడవో కాదో, వాటి వెంట చేతిని ఛాతీ దాకా పోనిచ్చి తేల్చుకున్న తరువాతే లాగాలి. మొదటి దూడ వచ్చాక, అది చిన్నదిగా అనిపించినా అనిపించకపోయినా, శుభ్రమైన చేతితో లోపల మరొకటి ఉందేమో చూడాలి. పుట్టిన వెంటనే రెండింటి బొడ్డుకూ 7 శాతం అయోడిన్ పట్టించి, ఒక్కోదానికి ఒంటి బరువులో పదోవంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్ల జున్నుపాలు తొలి 12 గంటల్లో, అందులో మొదటి విడత రెండు గంటల లోపే అందేలా చూడాలి. 24 గంటలు దాటాక దూడ పేగులు అందులోని రక్షక పదార్థాలను లోపలికి తీసుకోలేవు. మాంసపు ఆవు జున్నుపాలు రెండు దూడలకూ చాలకపోవడమే ఎక్కువ. అందుచేత ఇప్పుడే, మీ మందలోనే ఈనే ఆరోగ్యమైన ముదురు ఆవుల నుంచి తొలి పిండుడు జున్నుపాలు లీటరు చొప్పున సంచుల్లో గడ్డకట్టించి దాచండి. బయటి మంద పాలు తెస్తే జోన్స్ వ్యాధి (మానని పేగు రోగం) వంటివి వాటితోనే వస్తాయి. కరిగించేటప్పుడు 50 డిగ్రీలు దాటని వేడినీళ్లలో సంచిని ముంచండి, పొయ్యి మీద గాని మైక్రోవేవ్‌లో గాని పెడితే ఆ రక్షక పదార్థాలు చెడిపోతాయి.